మే నెల చెన్నైలో ఐదేళ్ళలోపు పిల్లలతో ఆదివారం: మాల్ ప్లే ఏరియానా, చెట్టునీడా?

వేళచ్చేరి వాసి:
మా అపార్టుమెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో వారం రోజులుగా ఒకటే వాదన. కత్తిరి (కర్తరి) ఎండలు మొదలయ్యాయి కాబట్టి మే 4 నుంచి నెలాఖరు దాకా చిన్నపిల్లలతో పార్కు, బీచ్, జూ ఏవీ వద్దు, ఆదివారానికి మాల్‌లో సాఫ్ట్ ప్లే చాలు అని ఒక వర్గం. ప్లాస్టిక్ బంతుల్లో దొర్లితే అది షికారు ఎలా అవుతుందని ఇంకో వర్గం. రెండేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఉన్న ఇల్లు అనుకోండి. కారు లేదు, లోకల్ ట్రైను, ఆటో. "మా చిన్నప్పుడు ఎండలో తిరగలేదా" అనే మాట పక్కనపెట్టి కారణాలతో చెప్పండి.

పెరంబూర్ పద్మజ:
మాల్‌కే నా ఓటు. చిన్నపిల్లల ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకని బయటి వేడి తొందరగా లోపలికి ఎక్కుతుంది. చెమట పెద్దవాళ్ళంత పట్టదు. దాహం వేస్తోందని రెండేళ్ళ పాప చెప్పలేదు. పైగా చెన్నై ఎండ కడప ఎండలాంటిది కాదు. అక్కడ 42 డిగ్రీలున్నా పొడిగాలికి చెమట ఆరుతుంది. ఇక్కడ 37 ఉన్నా గాలిలో తేమకి చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) మీద పల్చటి చున్నీ కప్పి నీడ ఇచ్చామనుకుంటారు. లోపల గాలి ఆడక బయటికంటే వేడెక్కుతుంది. ఎండదెబ్బకి పిల్ల మగతగా పడిపోతే పారాసిటమాల్ పోస్తారు. అది జ్వరం మందు, ఎండదెబ్బ మీద పనిచేయదు. బట్టలు విప్పి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంత ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? మాల్‌లో టాయిలెట్ ఉంది, డైపర్ మార్చే బల్ల ఉంది, తాగే నీళ్ళున్నాయి.

ఆవడి మాస్టారు:
పద్మజ గారూ, మీరన్న ప్రతి మాటా పగలు పదకొండింటికి నిజమే. పొద్దున్న ఆరింటికి ఎంత నిజం? మేలో ఇక్కడ ఆరు కొట్టకముందే తెల్లారిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది లోపు అయిపోయే షికారుకీ మీరు చెప్పే ఎండకీ సంబంధం లేదు. అసలు తప్పు "రోజంతా" అనే ఆలోచనలో ఉంది. పదింటికి బయల్దేరి సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరే కార్యక్రమం ఐదేళ్ళలోపు వాళ్ళకి మాల్‌లోనైనా ఎక్కువే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లలకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది దాటిన పిల్లలు రోజులో 180 నిమిషాలు ఏదో ఒకరకంగా కదులుతూ ఉండాలి, స్ట్రోలర్‌లోనో కారు సీటులోనో కట్టేసినట్టు గంటకి మించి ఒకే బిగిన కూర్చోబెట్టకూడదు అని. మన ప్రయాణానికి కొలబద్ద ఇదే. పోను గంట దాటే చోటు ఏదైనా సరే, ఈ వయసుకి దూరమే.

ఇక వెలుతురు. లైట్లు వేసిన గదిలో 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) ఉంటుంది. పట్టపగలు చెట్టునీడలో వేలల్లో ఉంటుంది. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఆరేడేళ్ళ పిల్లలకి రోజూ 40 నిమిషాలు ఆరుబయట తరగతి అదనంగా పెట్టి మూడేళ్ళు చూశారు. ఫలితం 2015లో అచ్చయింది: కొత్తగా దూరపుచూపు మందగించినవాళ్ళు ఆ బడుల్లో 30 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. మన పిల్లలు అంతకంటే చిన్నవాళ్ళే, ఒప్పుకుంటాను. అయినా ఆ వెలుతురు కోసం ఎండలో నిలబెట్టనక్కర్లేదు, నీడ సరిపోతుంది.

పిల్లలవార్డు నర్సు:
మాల్ అంటే భద్రం అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఎండ కనిపించే ప్రమాదం కాబట్టి జాగ్రత్తపడతాం. లోపలివి కనిపించవు.

ముందు ట్రాంపొలీన్, అంటే ఎక్కి ఎగిరే సాగుడు గుడ్డ. ఆరేళ్ళలోపు పిల్లల్ని అసలు ఎక్కించవద్దని అమెరికాలో ఎముకల వైద్యుల సంఘం చెబుతోంది. కారణం దూకడం కాదు, పక్కనున్న బరువు. పదేళ్ళ పిల్లాడో నాన్నో పక్కన దూకి దిగినప్పుడు ఆ గుడ్డ కిందికి సాగి తిరిగి పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే పాప కాళ్ళు దాన్ని తాకితే ఆ తోపుడు మొత్తం మోకాలి కింది ఎముక మీద పడుతుంది. పాప కింద పడనక్కర్లేదు, నిలబడి ఉండగానే ఎముక చిట్లుతుంది. వాపు పెద్దగా ఉండదు, "నడవనని మారాం చేస్తోంది" అనుకుని రెండు రోజులు ఇంట్లోనే ఉంచేస్తారు.

జారుడుబల్లదీ ఇదే కథ. పాప భయపడుతోందని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారతారు. పాప చెప్పు అంచుకి తగిలి కాలు ఆగుతుంది, పెద్దవాళ్ళ బరువు మాత్రం ముందుకు లాగేస్తుంది, పిక్క ఎముక మెలితిరిగి విరుగుతుంది. ఒంటరిగా జారితే పాప బరువు పాపదే, కాలు తగిలినా ఆగిపోతుంది, అంతే. ఒంటరిగా జారలేని వయసుకి ఆ బల్ల ఎత్తు ఎక్కువని అర్థం. ఈ సలహా పార్కుకీ వర్తిస్తుంది. అక్కడ ఇంకోటి కూడా: ఎండలో ఉన్న ఇనుప బల్ల గానీ, ప్లాస్టిక్ బల్ల గానీ, రబ్బరు నేల గానీ మీ అరచేతి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించి చూశాకే పిల్లల్ని వదలండి.

బంతుల గుంట గురించి: నోట్లో పెట్టుకున్న బంతి మళ్ళీ గుంటలోకే పోతుంది. చేయి, కాలు, నోటి పుండ్ల వైరస్ ఇలాంటి చోట్లే దొరుకుతుంది. సోకిన మూడు నుంచి ఆరు రోజులకి గానీ బయటపడదు కాబట్టి ఎక్కడ అంటిందో ఎవరికీ తెలియదు. ఆల్కహాల్ శానిటైజర్ దాని మీద అంతంతమాత్రం. గుంట దిగగానే సబ్బుతో 20 సెకన్లు కడిగాకే తినడానికి ఏమైనా ఇవ్వండి. టికెట్ కొనేముందు బంతులు ఎన్ని రోజులకోసారి కడుగుతారో అడగండి. చిన్నవాళ్ళకి వేరే కంచె ఉందా లేదా మీ కళ్ళతో చూడండి. కంచె లేకపోతే ఏడేళ్ళ పిల్లలు పరుగెత్తే దారిలో రెండేళ్ళ పాపని వదిలినట్టే.

పాప్‌కార్న్, వేయించిన పల్లీ నాలుగేళ్ళలోపు వద్దే వద్దు. ద్రాక్ష ఇస్తే నిలువుగా నాలుగు చీలికలు చేయండి, అడ్డంగా కోస్తే అదే గుండ్రం గొంతుకి అడ్డం పడుతుంది.

పెరంబూర్ పద్మజ:
నర్సు గారి మాట తలమీద పెట్టుకుంటాను, ట్రాంపొలీన్ సంగతి నాకు తెలియదు. కానీ మాస్టారి ఆరు గంటల పార్కులో దోమల మాటేమిటి? డెంగీ దోమ పగటి దోమ, తెల్లారాక ఓ రెండు గంటలు, పొద్దుగూకే ముందు ఇంకో రెండు గంటలు ఎక్కువ కుడుతుంది. సరిగ్గా మీరు వెళ్ళమంటున్న వేళలే. బీచ్‌లో కుక్కలున్నాయి. వాటి మలం కలిసిన ఇసుకలో వట్టికాళ్ళతో తిరిగితే కొంకిపురుగు పిల్లలు చర్మంలోకి దూరి పాముల్లాంటి దద్దుర్లు తెస్తాయి. వీటికి జవాబు చెప్పండి.

పిల్లలవార్డు నర్సు:
జవాబు ఉంది, కాస్త చాకిరీ ఉంది. లేతరంగు నూలు చొక్కా పొడుగు చేతులది, పొడుగు పాంటు, బీచ్‌లో చెప్పులు విప్పనివ్వకూడదు. దోమల మందు రాయాలంటే మీ చేతికి పోసుకుని రాయండి, పిల్లల అరచేతులకీ మొహానికీ వద్దు. నీలగిరి నిమ్మనూనె (లెమన్ యూకలిప్టస్) రకం మూడేళ్ళలోపు వాడకూడదు. కుక్క గీరినా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్ళాలి.

మెరీనా గాలి:
గంట గురించి మాట్లాడుతున్నారు గానీ చెన్నైలో చోటు కూడా చూడాలి. ఎండాకాలంలో మనల్ని కాపాడేది సముద్రపు గాలి. పొద్దున్న పడమటి నుంచి నేల మీది వేడిగాలి వీస్తుంటుంది. నేల బాగా కాగాక, మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా, గాలి తిరిగి తూర్పు నుంచి కొడుతుంది. ఆ గాలి ముందు తీరాన్ని తాకి మెల్లగా లోపలికి జరుగుతుంది. బీసెంట్ నగర్‌కి అందిన చల్లదనం వండలూరుకీ ఆవడికీ ఆలస్యంగా చేరుతుంది, కొన్ని రోజులు పడమటి గాలి గట్టిగా ఉంటే అసలు చేరదు.

అందుకే మేలో వండలూరు జూ వద్దంటాను. 602 హెక్టార్ల చోటు, నడక ఎక్కువ, గేటు తీసేసరికే ఎండ ముదురుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానంత మంచి చోటు లేదు.

సాయంత్రం బీచ్‌కి ఇంకో లాభం: మనది తూర్పు తీరం, నాలుగున్నర దాటాక సూర్యుడు ఊరి వెనక్కి దిగుతాడు, మొహం మీద ఎండ పడదు. పొద్దున్నయితే ఉదయించేది సముద్రం మీదే, నేరుగా కళ్ళలోకి, టోపీ అంచు వెడల్పుగా ఉండాలి. సాయంత్రం ఇసుక మాత్రం ఇంకా కాగి ఉంటుంది, తడి అంచుకి దగ్గర్లోనే చల్లగా ఉంటుంది. అక్కడే అల ప్రమాదం. మెరీనాలో స్నానానికి అనుమతి లేదు, ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి పోయే నీరు మోకాలి లోతులోనే పెద్దవాళ్ళని పడేస్తుంది. రెండేళ్ళ పాప చేయి పట్టుకోవడం చాలదు, ఎత్తుకోవాలి.

సైదాపేట వంటిల్లు:
తిండి గురించి ఎవరూ రాయలేదు. కొబ్బరి చట్నీ ఈ వేడికి మూడు నాలుగు గంటల్లో పాడవుతుంది, తీసుకెళ్ళకండి. నిమ్మకాయ పులిహోర నిలుస్తుంది గానీ రెండేళ్ళ వాళ్ళకి పులుపు. పెరుగన్నమే మేలు, అయితే పెరుగు కలిపి కాదు, పాలతో తోడుపెట్టి. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా వండి, వేడిమీదే మెదిపి, గోరువెచ్చన అయ్యాక కాచి చల్లార్చిన పాలు గ్లాసున్నర, పెరుగు రెండు చెంచాలు, ఉప్పు. డబ్బాలో పోసేటప్పుడు జావలా పల్చగా కనిపించాలి. తినేవేళకి పాలు తోడుకుని గట్టిపడుతుంది, పులవదు. వేడిగా మూత పెడితే ఆవిరి నీళ్ళై కిందికి దిగి అన్నం విరిగినట్టు అవుతుంది. దోసకాయ ముక్కలు కలపకండి, నీరు వదులుతుంది, విడిగా పెట్టండి. పచ్చిమిర్చి తాలింపులో వేసినా తీసేయండి.

రోడ్డు పక్క తాటిముంజలు ఈ నెలలోనే దొరుకుతాయి. పిల్లలకి లేతవి, పొట్టు తీసి, సన్నగా కోసి. అలాగే నోట్లో పెడితే జారిపోతుంది.

టీనగర్ సుబ్బు:
షికారు సంచిలో ఓఆర్ఎస్ (నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి) పెట్టుకోమంటారు కదా, కొబ్బరిబోండాం ఉండగా అదెందుకు?

పిల్లలవార్డు నర్సు:
కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగుంది, సోడియం తక్కువ. దాహానికి భేషుగ్గా పనికొస్తాయి, విరేచనాలకీ వాంతులకీ ఓఆర్ఎస్ బదులు కాదు. పొట్లం మీద లీటరుకని ఉంటే మొత్తం పొట్లం సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపాలి. చిన్న సీసాలో సగం పొట్లం అంచనాగా పోస్తే చిక్కనై ఇంకా నష్టం. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న పొట్లాలు మందుల షాపులో దొరుకుతాయి, షికారుకి అవి కొనండి. పళ్ళరసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసుకోవడాన్ని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిషేధించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దాని మీద పోరాడారు. ఇంట్లో పాత డబ్బా ఉంటే దాన్ని మందు అనుకోకండి.

ఎగ్మూరు మెట్లు:
మాల్, బీచ్ రెండే దారులన్నట్టు మాట్లాడుతున్నారు. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851 నాటిది. అందులో తిమింగలం అస్థిపంజరం చూసి నోరు తెరవని నాలుగేళ్ళ వాళ్ళుండరు. కొట్టూరుపురం పెరియార్ సైన్స్ సెంటర్‌లో ఆవరణ ఉంది, ప్లానెటేరియం (నక్షత్రశాల) ఉంది. రెండేళ్ళ పాపని ఆ చీకటి ప్రదర్శనకి తీసుకెళ్ళకండి, ఏడుస్తుంది, ఒకరు బయటే ఉండాలి. చల్లబడ్డాక దక్షిణచిత్రకి (దక్షిణాది పాతకాలపు ఇళ్ళ మ్యూజియం) వెళ్ళండి, ఉత్తరాంధ్ర తీరం చుట్టిల్లు ఉంది. మన పిల్లలు చెన్నైలో పుట్టి అలాంటి ఇల్లు ఇంకెక్కడ చూస్తారు?

సెలవుల్లో వారం మధ్యలో వెళ్ళేవాళ్ళకి: మంగళవారం గిండీ పిల్లల పార్కు, వండలూరు, దక్షిణచిత్ర మూడూ మూత. శుక్రవారం ఎగ్మూరు మ్యూజియం. సోమవారం పెరంబూర్ రైల్ మ్యూజియం, మొసళ్ళ బ్యాంకు. వేసవిలో మార్పులు చేస్తుంటారు, ముందురోజు ఫోన్ చేయండి.

వేళచ్చేరి వాసి:
అయితే ఇలా అనుకోవచ్చా? ఆదివారం తెల్లారగానే వేళచ్చేరిలో లోకల్ ఎక్కి తిరువాన్మియూర్, అక్కడినుంచి ఆటోలో బీచ్. ఆరింటి నుంచి ఏడున్నర దాకా ఇసుక. ఎనిమిదిన్నరకి ఇల్లు, స్నానం, పెరుగన్నం, నిద్ర. మాల్ వానాకాలానికి.

ఆవడి మాస్టారు:
సరిగ్గా ఉంది. మధ్యాహ్నం నిద్ర చెడకపోవడమే సగం గెలుపు. ఎవరైనా బైకు మీద వెళ్దామంటే, 2022లో మారిన రూలు ప్రకారం నాలుగేళ్ళలోపు వాళ్ళకి హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు.

పెరంబూర్ పద్మజ:
పెద్దబాబుకి ఒప్పుకుంటాను. రెండేళ్ళ పాప విషయంలో ఇప్పటికీ మేలో వద్దనే అంటాను, కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు లేకుండా వద్దు. ఒకరు పాపకి, ఒకరు బాబుకి, ఫోటోల కోసం ఎవరూ నీళ్ళకి వీపు పెట్టకూడదు. బయల్దేరేముందు ఇద్దరు పిల్లలకీ ఒక ఫోటో తీసుకోండి, తప్పిపోతే ఏ రంగు చొక్కా అని తడుముకోనక్కర్లేదు. ఫోన్ నంబరు చేతిమీద బాల్‌పెన్‌తో రాస్తే చెమటకి పోతుంది. చిన్న గుడ్డముక్క మీద మార్కర్‌తో రాసి చొక్కా లోపలివైపు కుట్టండి. పేరు మాత్రం రాయకండి, పేరుపెట్టి పిలిచినవాళ్ళ వెంట పిల్లలు వెళ్ళిపోతారు. రెండు జతల బట్టలు పెట్టుకోండి, ఒకటి ట్రైనులోనే అవసరపడుతుంది.