ఐదు నెలలు నిండాక కుడిపక్క కడుపునొప్పి: బ్లడ్ రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాం. మా ఆవిడకు 22వ వారం. రాత్రి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది. రెండు వాంతులు అయ్యాయి, జ్వరం లేదు. ముందు బయట ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించి, అపెండిక్స్ అని తేలితే ఆసుపత్రికి తీసుకెళ్దామా?

మొదటి జవాబు

ల్యాబ్ మాట వదిలేసి నేరుగా ఎమర్జెన్సీకి బయల్దేరండి. అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) ఉందనో లేదనో ఒక్క మాటలో తేల్చే రక్తపరీక్ష లేదు, గర్భిణుల్లో అయితే మరీనూ. అపెండిక్స్ పగలకముందు ఆపరేషన్ చేస్తే బిడ్డకు ముప్పు తక్కువ. పగిలి కడుపంతా చీము పట్టిందంటే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ల్యాబ్ రిపోర్టు కోసం ఇంట్లో కూర్చుంటే పగలకముందు దొరికే ఆ టైమే పోతుందన్నమాట.

డాక్టర్లు చెప్పేదాకా ఏమీ తిననివ్వకండి. నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఎప్పుడు పక్కకు జరిగింది, ఏ మాత్ర ఎన్నింటికి వేశారు, కాగితం మీద రాసుకోండి. పారాసెటమాల్ వేసి ఉంటే జ్వరం కనబడకపోవచ్చు కాబట్టి అది తప్పక చెప్పాలి. ఐబుప్రోఫెన్ మాత్రం వేయొద్దు. గర్భం మొదట్లో చేయించిన రక్తపరీక్షల ఫైలు వెంట ఉండాలి, మన దేశంలో చేయించినదైనా సరే. భాష అడ్డమైతే దుబాసీ కావాలని లోపలికి వెళ్లగానే అడగండి.

రెండో జవాబు (ల్యాబ్ వైపు నుంచి)

ఫైలు ఎందుకంటే, గర్భంలో తెల్లకణాలు వాటంతటవే పెరుగుతాయి. మామూలు మనిషికి 4,000 నుంచి 11,000 అయితే, నెలలు నిండుతున్న గర్భిణికి 15,000–16,000 దాకా ఉన్నా జబ్బు అనలేం. పురిటినొప్పుల్లో 20,000 దాటడమూ మామూలే. కాబట్టి 14,000 అనే అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. మొదట్లో 7,000 ఉన్నామె ఇప్పుడు 14,000కు రావడం వేరు, ముందునుంచీ 12,000 ఉన్నామె రావడం వేరు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినా ఈ అంకె పైకి పోతుంది.

విదేశీ రిపోర్టులో చాలాచోట్ల 14.2 అని ఉంటుంది. అది మన 14,200 అన్నమాటే. పక్కన ‘ఎక్కువ’ అని చెప్పే ‘హెచ్’ గుర్తు పడితే అది సాధారణంగా గర్భం లేనివాళ్ల లెక్కతో పడేది.

సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) దగ్గర రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, యూనిట్. లీటరుకు 50 మిల్లీగ్రాములూ, డెసీలీటరుకు 5 మిల్లీగ్రాములూ ఒకటే. రెండు రిపోర్టులు పోల్చేటప్పుడు ఇది చూడకపోతే పదింతలు తేడా కొడుతుంది. రెండోది, టైము. వాపు మొదలైన 6 నుంచి 12 గంటలకు గానీ సీఆర్‌పీ లేవడం మొదలుపెట్టదు, రెండు రోజులకు గానీ శిఖరానికి చేరదు. తొలి గంటల్లో తీసిన రక్తంలో అది తక్కువుందని నిశ్చింతగా ఉండకూడదు. ఇక వాపును సూచించే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ అయితే గర్భంలో ఎలాగూ ఎక్కువే, ఈ పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. లివర్ పరీక్షల్లో చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కూడా మాయ (ప్లాసెంటా) వల్ల పెరుగుతుంది, దాన్ని చూసి లివర్ పాడైందని హైరానా పడొద్దు.

మూత్రంలో చీముకణాలు కనబడగానే ‘యూరిన్ ఇన్ఫెక్షనే’ అని సరిపెట్టుకోవడం అసలు ప్రమాదం. వాచిన అపెండిక్స్ మూత్రనాళానికో, మూత్రాశయానికో ఆనుకున్నా అవి కాసిని వస్తాయి.

మూడో జవాబు (సర్జరీ వైపు నుంచి)

పై మాటలకు ఇంకొకటి. అపెండిసైటిస్‌ను అంచనా వేయడానికి అల్వరాడో స్కోరు అని 10 మార్కుల లెక్క ఉంది. అందులో తెల్లకణాలు 10,000 దాటితే 2, వికారమో వాంతో ఉంటే 1, ఆకలి లేకపోతే 1. గర్భిణికి జబ్బు లేకుండానే ఈ నాలుగు మార్కులూ వచ్చేయొచ్చు. అందుకే స్కోరు చూసి ఎవరూ కత్తి పట్టరు. చేత్తో నొక్కి చూడటం, ఆపైన స్కాన్, ఇవే ముఖ్యం. మొదట అల్ట్రాసౌండ్. గర్భసంచి పెరిగాక చాలాసార్లు అపెండిక్స్ అందులో కనబడదు. కనబడలేదంటే లేదని అర్థం కాదు. అప్పుడు కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా ఎంఆర్ఐ చేస్తారు, దానికి రేడియేషన్ ఉండదు.

నా లెక్కలో రక్తపరీక్షల అసలు ఉపయోగం వేరే జబ్బుల్ని పట్టుకోవడంలో ఉంది. లైపేజ్ అనే క్లోమం ఎంజైము బాగా పెరిగితే క్లోమం వాపు కావొచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గి, లివర్ ఎంజైములు పెరిగి, బీపీ కూడా ఉంటే అది కాన్పు డాక్టరు వెంటనే చూడాల్సిన సంగతి. బ్లడ్ గ్రూపు పరీక్షకు మళ్లీ రక్తం తీస్తే కంగారు పడకండి, ఆపరేషన్ అవసరమైతే ముందుజాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు

ఆసుపత్రిలోనే ఉన్నాం. తెల్లకణాలు 13.4, సీఆర్‌పీ 6. గర్భం మొదట్లో తెల్లకణాలు 8,100. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనబడలేదట. ‘బ్లడ్ నార్మలే, ఇంటికెళ్లొచ్చు’ అంటున్నారు.

మూడో జవాబు రాసినవారు

13.4 గర్భంలో ఉండదగినదే, వాళ్లన్నది తప్పు కాదు. కానీ నొప్పి అలా జరిగి, నొక్కితే ఇంకా నొప్పి ఉంటే ఈ అంకెలు దాన్ని కొట్టిపారేయలేవు. మర్యాదగానే ఈ మూడు అడగండి: సర్జనూ కాన్పు డాక్టరూ ఇద్దరూ చూశారా? 6 నుంచి 12 గంటలకు తెల్లకణాలు, సీఆర్‌పీ మళ్లీ తీస్తారా? ఎంఆర్ఐ ఇక్కడ అవుతుందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? అడిగారని, వాళ్లేం చెప్పారని కేసు షీటులో రాయమనండి.

అయినా ఇంటికే పంపితే, నొప్పి పెరిగినా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, రక్తస్రావం గానీ ఉమ్మనీరు గానీ పోయినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే వెనక్కి రండి. నొప్పి ఒక్కసారిగా హాయిగా తగ్గిపోయి, కాసేపటికి కడుపంతా గట్టిపడితే ఆంబులెన్స్ పిలవండి. అపెండిక్స్ పగిలినప్పుడు అలా జరగొచ్చు.