ల్యాబ్‌లో నడిచిన ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ ఇంట్లో ఆగిపోతోంది, రెండుచోట్లా పైథాన్ 3.10 నే

ప్రశ్న: అనంతపురం, బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థిని

అందరికీ నమస్తే. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, చాలా టెన్షన్‌గా ఉంది. 2000 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 2000 దాకా సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చేది) కట్టి, వచ్చిన సంఖ్యను ప్రింట్ చేసి, అందులోని అంకెలన్నీ కూడే ప్రోగ్రామ్ మా రికార్డులో ఉంది. పోయిన వారం కాలేజీ ల్యాబ్‌లో చక్కగా నడిచింది. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి నడిపితే ప్రింట్ దగ్గర ఆగిపోతోంది. వాల్యూ ఎర్రర్ అని, 4300 లిమిట్ దాటిందని అంటోంది. నా ప్రోగ్రామ్‌లో 4300 అనే సంఖ్యే లేదు. 1000 ఇచ్చినా, 1500 ఇచ్చినా జవాబు వస్తోంది, 1600 ఇస్తే మళ్లీ అదే ఎర్రర్. ల్యాబ్‌లో ఉన్నది 3.10.4, మా ల్యాప్‌టాప్‌లో 3.10.11. చివరి నంబరు ఒక్కటే కదా తేడా? టవర్‌క్లాక్ దగ్గర ఒక షాపులో అడిగితే ర్యామ్ చాలడం లేదన్నారు. నిజమేనా?

జవాబు: ఆదోని నుంచి

చెల్లెమ్మా, ర్యామ్‌కు డబ్బులు పెట్టొద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. ప్రోగ్రామ్ పైన ఇంపోర్ట్ సిస్ అని రాసి, కింది లైన్లో సిస్ డాట్ సెట్ ఇంట్ మ్యాక్స్ స్ట్ర్ డిజిట్స్ అని రాసి బ్రాకెట్లో సున్నా పెట్టు. సెట్ నుంచి డిజిట్స్ దాకా మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉండాలి. లిమిట్ పోతుంది.

జవాబు: కడప, పైథాన్ చెప్పే లెక్చరర్

ఆదోని తమ్ముడు చెప్పింది ఇంట్లో పనిచేస్తుంది. కానీ అమ్మా, ఆ లైనుతో సోమవారం ల్యాబ్‌కు వెళ్తే అక్కడ ప్రోగ్రామ్ మొదట్లోనే ఆగిపోతుంది. 3.10.4 లో ఆ ఫంక్షనే లేదు, ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. అందుకే అసలు ఏం మారిందో ముందు తెలుసుకో.

పైథాన్ వెర్షన్‌లో రెండో నంబరు మారితే కొత్త సదుపాయాలు వచ్చినట్టు. మూడో నంబరు మారితే మరమ్మతులు జరిగినట్టు. మామూలుగా ఆ మరమ్మతులు మన ప్రోగ్రామ్‌ల జోలికి రావు. కానీ భద్రత కోసం చేసే మరమ్మతు అప్పుడప్పుడు పాత నడవడికను మార్చక తప్పదు. 2022 సెప్టెంబరులో జరిగింది అదే. 3.10.7, 3.9.14, 3.8.14, 3.7.14 నాలుగింటిలోనూ ఒకే మార్పు వచ్చింది: పూర్ణసంఖ్యను పదుల లెక్కలో అక్షరాలుగా మార్చేటప్పుడు గానీ, అక్షరాల నుంచి సంఖ్యగా మార్చేటప్పుడు గానీ 4300 అంకెలు దాటితే పైథాన్ ఒప్పుకోదు. తర్వాతి నెలలో వచ్చిన 3.11 లో ఇది మొదటి నుంచే ఉంది.

ఇప్పుడు నీ సంఖ్యలు చూడు. 1500 ఫ్యాక్టోరియల్‌లో 4115 అంకెలు, 1600 లో 4434, 2000 లో 5736. హద్దు ఎక్కడ తగిలిందో కనిపిస్తోంది కదా.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. లెక్క కట్టడం మీద ఏ హద్దూ లేదు. 2000 ఫ్యాక్టోరియల్ నీ ల్యాప్‌టాప్‌లోనూ పూర్తిగా, సరిగ్గా తయారవుతోంది. దాన్ని తెరమీద చూపించడానికి అక్షరాలుగా మార్చే చోట ఆగుతోంది. ప్రింట్ తీసేసి బిట్ లెంగ్త్, అంటే ఆ సంఖ్యకు ఎన్ని బిట్లు పట్టాయో, అడిగి చూడు, జవాబు వస్తుంది. హెక్స్, అంటే పదహార్ల లెక్కలో, అడిగినా వస్తుంది. కంప్యూటర్ లోపల సంఖ్య బిట్లుగానే ఉంటుంది కాబట్టి, హెక్స్ కావాలంటే నాలుగేసి బిట్లను ఒక గుంపుగా చదువుకుంటూ పోతే చాలు. పదుల లెక్కకు అలా కుదరదు, మళ్లీ మళ్లీ భాగించుకుంటూ రావాలి. అంకెలు రెట్టింపైతే పట్టే సమయం సుమారు నాలుగింతలవుతుంది.

మనకు అది క్షణం ఆలస్యం, అంతే. అదే ఒక వెబ్‌సైట్ ఫారంలో వయసు రాయమన్న చోట ఎవరైనా లక్షల అంకెలు కుమ్మరిస్తే? సర్వర్ వాటిని సంఖ్యగా మార్చడంలోనే మునిగిపోతుంది, మిగతావాళ్లకు పేజీ తెరుచుకోదు. భద్రతా లోపాల సీవీఈ జాబితాలో సీవీఈ-2020-10735 పేరుతో నమోదైన లోపం ఇదే. ఇంత ముఖ్యమైన దాన్ని తర్వాతి పెద్ద వెర్షన్ దాకా ఆపకుండా పాతవాటిలోనూ సర్దడం సరైన పని అని నా అభిప్రాయం, నీలాంటి పిల్లలకు కాస్త ఇబ్బంది కలిగినా సరే.

కాబట్టి రెండుచోట్లా నడిచేలా ఇలా రాయి. ముందు హ్యాజ్ ఆట్ర్‌తో సిస్‌లో ఆ ఫంక్షన్ ఉందో లేదో అడుగు. ఉంటేనే పిలువు. సున్నాకు బదులు 6000 ఇవ్వు, నీకు 5736 చాలు కదా. సున్నా అంటే హద్దే లేదని అర్థం. బయటివాళ్లు సంఖ్యలు పంపే ప్రోగ్రామ్‌లో అలా ఎప్పుడూ పెట్టకు. సున్నా కాకుండా 640 కంటే తక్కువ ఇచ్చినా ఒప్పుకోదు.

అంకెలు కూడడానికైతే అక్షరాలుగా మార్చాల్సిన పనే లేదు. పదితో భాగించి శేషాన్ని కూడుకో, మిగిలిన భాగఫలంతో మళ్లీ అదే చెయ్యి, సున్నా వచ్చేదాకా.

విద్యార్థిని

మేడమ్, అర్థమైంది. కానీ భాగించే పద్ధతి రాస్తే ఓవర్‌ఫ్లో ఎర్రర్ వచ్చింది. ఫ్లోట్‌కు సంఖ్య మరీ పెద్దదైందంటోంది.

కడప లెక్చరర్

ఒక్క స్లాష్ పెట్టి ఉంటావమ్మా. ఒక్క స్లాష్ పెడితే జవాబును దశాంశ సంఖ్యగా చేయబోతుంది, ఇంత పెద్దది అందులో పట్టదు. రెండు స్లాష్‌లు పెట్టు. ముందు 10 ఫ్యాక్టోరియల్‌తో సరిచూసుకో: 3628800, అంకెల మొత్తం 27. ఇక 2000 కు వచ్చే మొత్తం కచ్చితంగా 9తో నిశ్శేషంగా భాగింపబడాలి, ఆ ఫ్యాక్టోరియల్‌లో 9 గుణకంగా ఉంది కనుక. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

జవాబు: ప్రొద్దుటూరు నుంచి

మేడమ్ చెప్పిన మూడో నంబరు మాట నాకూ అనుభవమే. 2021 ఫిబ్రవరిలో 3.9.2 వచ్చింది. అప్పటిదాకా వెబ్ చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే భాగాన్ని విడదీసేటప్పుడు యాంపర్‌శాండ్‌నూ సెమీకోలన్‌నూ రెండింటినీ పైథాన్ లైబ్రరీ గుర్తించేది. ఆ మరమ్మతు తర్వాత యాంపర్‌శాండ్ ఒక్కటే. నేను పనిచేసే చోట పాత లింకులు సెమీకోలన్‌తో ఉండేవి. ఎర్రరేమీ రాలేదు, వివరాలు మాత్రం కలిసిపోయి కనిపించాయి. రెండు రోజులు తిండి సయించలేదు నాకు. సెపరేటర్ అనే పారామీటర్ ఇస్తే సరిపోతుందని మార్పుల పట్టిక చదివాకే తెలిసింది. నీకు ఎర్రర్ వచ్చి ఆగిందమ్మా, అది మేలే.

ఆదోని నుంచి

మేడమ్, నేను సున్నా చెప్పడం తొందరపాటే. మా ట్యూషన్ సెంటర్‌లో పన్నెండు మెషీన్లున్నాయి, అన్నీ వేర్వేరు 3.10 లు. అన్నిటికీ ఒకటే వేద్దామనుకుంటున్నా. ఏది వేయాలి?

కడప లెక్చరర్

3.10 లోనే ఉండాలంటే 3.10.11 వెయ్యి. విండోస్‌కు ఇన్‌స్టాలర్‌తో వచ్చిన చివరి 3.10 అదే. ఆ తర్వాతివి భద్రతా మరమ్మతులు, సోర్స్ రూపంలోనే ఇస్తారు. కానీ కొత్త బ్యాచ్ మొదలుపెడుతుంటే ఇన్‌స్టాలర్ ఇంకా ఇస్తున్న కొత్త వెర్షన్‌కు మారడమే నయం. ఏదైనా పన్నెండింటికీ ఒకటే ఉండాలి.

విద్యార్థిని

రెండు స్లాష్‌లు పెట్టాను, 27 వచ్చింది. 2000 కు వచ్చిన మొత్తం 9తో భాగిస్తే శేషం సున్నా. హ్యాజ్ ఆట్ర్ పెట్టాక ప్రింట్ కూడా అవుతోంది. ఈ పొద్దు ల్యాబ్‌లోనూ నడిపి చూశాను, అక్కడా నడిచింది. ఇప్పుడు రికార్డులో పాత ప్రోగ్రామ్ కొట్టేయాలా మేడమ్?

కడప లెక్చరర్

కొట్టేయొద్దు. దాని కింద కొత్తది రాసి, ఒక్కోదాని పక్కన ఏ వెర్షన్ మీద నడిపావో మూడు నంబర్లతో సహా రాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే 4300 ఎందుకొచ్చిందో చెప్పు.