బడిలో సీతాకోకచిలుకల తోట: పూలున్నా అవి నిలవడం లేదు

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

నమస్కారం. మా బడి ఆటస్థలం పక్కన ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న స్థలంలో జూన్ నెలలో పిల్లలచేత నూరువరహాలు, జినియా, పెంటాస్ నాటించాము. బన్నేరుఘట్టలో 2006లో ప్రారంభమైన సీతాకోకచిలుకల పార్కును చూసి వచ్చాకే మాకు ఈ ఆలోచన కలిగింది. పూలు విరగబూస్తున్నాయి గానీ, ఎండెక్కాక నాలుగైదు సీతాకోకలు వచ్చి, తేనె తాగి, ప్రహరీ దాటి వెళ్లిపోతున్నాయి. ఇంతవరకు ఒక్క గొంగళిపురుగైనా కనిపించలేదు. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (జయనగర్)

మీరు సత్రం కట్టారు గానీ పురిటిగది కట్టలేదండీ. ఆడ సీతాకోక తన పిల్లలు తినగలిగే ఆకేనా కాదా అని కాళ్లతో తట్టి రుచి చూసిన తరువాతనే గుడ్డు పెడుతుంది. పూలు ఎన్ని ఉన్నా ఆ ఆకు లేనిచోట నిలవదు. సీతాకోకల రకాల్లో కామన్ మోర్మన్‌కు కరివేపాకు, నిమ్మ, ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ కావాలి. మీ ప్రహరీ వెంబడి అందరూ అశోక అని పిలిచే నరమామిడి చెట్లుంటే లేత ఆకులు వెతికించండి, టెయిల్డ్ జే గొంగళిపురుగులు దొరకవచ్చు.

మా బాల్కనీలోని కరివేపాకు కుండీలో మోర్మన్ పురుగు మొదట అచ్చం పిట్టరెట్టలా కనిపించి, నాలుగోసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనుక నుంచి ఎర్రని జంట కొమ్మును బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను. లాంటానా మాత్రం నాటకండి. సీతాకోకలు వాలేమాట నిజమే గానీ, బందీపూర్ అడవిని అది ఎలా కమ్మేసిందో చూసినవారెవరూ దానిని బడిలోకి తేరు.

జవాబు (మల్లేశ్వరం, ఉపాధ్యాయురాలు)

పై సలహాకు ఒక హెచ్చరిక చేరుస్తున్నాను. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక, దానిని చిన్న తరగతుల పిల్లలకు అందని మూల నాటండి. కామన్ క్రో అనే సీతాకోకకు ఇష్టమైనదే అయినా గన్నేరు విషపు మొక్క, మేము నాటలేదు. ముఖ్యంగా తోటమాలితో ముందే మాట్లాడండి. మా బడిలో నిమ్మమొక్కకు చీడ పట్టిందని భావించి ఆయన వేపనూనె కొట్టడంతో పదిహేను పురుగులు ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. ఆయనను తప్పుపట్టలేను, ఆకు చిల్లులు పడాలన్న మాట మేమే చెప్పలేదు. ఒక పళ్లెంలో తడి ఇసుక ఉంచితే లవణాల కోసం మగవి వాలుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విచారిస్తే మా వంటశాల వెనుకనే పెద్ద కరివేపాకు చెట్టు ఉందని, దానికి పట్టిన పచ్చపురుగులను వంటామె ఏటా దులిపి పారేస్తున్నారని తెలిసింది. ఒక కొమ్మను అయిదో తరగతికి వదలమని అడిగితే, సాంబారుకు మిగిలినవి చాలునని ఒప్పుకున్నారు.