పర్లాకిమిడిలో దొరికిన రోడ్జర్స్ చాకు: అసలుదేనా? నల్ల పిడి మార్పించాలా?

పర్లా_పాతసామాను:

పెద్దలకు నమస్కారం. పాత ఇంటి సామాను అమ్ముతుంటే రెండు చాకులు కొన్నాను. గుర్తుపట్టడానికి మీ సాయం కావాలి.

మొదటిది మడిస్తే 9.2 సెంటీమీటర్లు. పెద్ద బ్లేడు ఒక కొస నుంచి, చిన్నది రెండో కొస నుంచి తెరుచుకుంటాయి. పెద్ద బ్లేడు పిడిలోకి దిగే చోట నక్షత్రం, శిలువ, కిరీటానికి అటు జి, ఇటు ఆర్ ఉన్నాయి. కింద జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్, కట్లర్స్ టు హిజ్ మెజెస్టీ (రాజుగారికి చాకులు చేసేవాళ్లు) అని అచ్చు. చిన్న బ్లేడు మీద ఏ అచ్చూ లేదు, తుప్పు మరకైనా లేదు. అయస్కాంతం రెండింటినీ పట్టుకుంటోంది. పిడి నలుపు. ఒక వైపు చెక్క (పిడి మీది పలక) మధ్యలో పైకి లేచి, గోరు దూరేంత సందు వచ్చింది. ఆ వైపు రివెట్లు తెల్లగా, రెండో వైపు పసుపుగా ఉన్నాయి.

రెండోది సైన్యం చాకులా ఉంది. గళ్లగళ్ల నల్ల పిడి, డబ్బా కోసే ముక్క, వెనక పొడుగాటి మేకులాంటి ముల్లు, కొసన కొండీ. బాణం గుర్తు, 1943 కనిపిస్తున్నాయి. ముల్లు బిగుసుకుపోయి కదలడం లేదు.

ఇవి ఏ కాలానివి? ఊళ్లోనే కొమ్ము పనివాళ్లు ఉన్నారు కదా, రోడ్జర్స్‌కి కొత్త పిడి వేయించేయనా? తుప్పుకి ఉప్పు కాగితం, బ్రాసో సరిపోతాయా?

బరంపురం_బజారు:

ముందు ఆ ఉప్పు కాగితం పక్కన పెట్టండి. కాలం చెప్పాల్సిన ఆధారాలన్నీ పై పొరలోనే ఉంటాయి, అది పోతే అడగడానికి ఏమీ మిగలదు.

రోడ్జర్స్ వాళ్లు వాడే నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు ఇంగ్లండులోని షెఫీల్డు ఊళ్లో 1682లో నమోదైంది. అమ్మేవాళ్లు ఈ ముక్క పట్టుకుని చాకు కూడా ఆనాటిదే అంటారు. గుర్తు వయసు వేరు, చాకు వయసు వేరు. మీకు పనికొచ్చేది కిరీటం పక్కనున్న అక్షరాలు. వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం, 1837 నుంచి 1901 వరకు. అప్పుడు కింద హర్ మెజెస్టీ అని ఉండాలి. జి, ఆర్ దగ్గరే తిరకాసు: 5వ జార్జి 1910 నుంచి 1936, 6వ జార్జి 1936 నుంచి 1952. 4వ జార్జి, 1820 నుంచి 1830 వరకు, ఆయనకీ ఇవే అక్షరాలు. ఒక్క అచ్చుతో ముగ్గురినీ విడదీయలేం.

అందుకే అచ్చు కింద ఇంగ్లండ్ అన్న మాట ఉందేమో వెతకండి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకం చట్టం తెచ్చింది. అప్పట్నుంచి షెఫీల్డు, జర్మనీ సరుకు మీద దేశం పేరు మామూలైంది. ఆ మాట ఉంటే 4వ జార్జిని ధైర్యంగా తీసేయొచ్చు. లేకపోతే మాత్రం పాతదని గెంతకండి. మన గంజాం వైపు వచ్చిన సరుకు అమెరికా చట్టం కోసం తయారైంది కాదు.

పేరులో అక్షరాలూ లెక్కపెట్టండి. రోడ్జర్స్‌లో డి అక్షరం ఉండాలి. ఆ పేరుకి మన దేశంలో ఎంత గిరాకీ ఉండేదంటే డి లేని రోజర్స్‌లు, శిలువ బదులు ఏదో పువ్వు ఉన్నవి బోలెడు తిరిగాయి.

తర్వాత పది రెట్లు చూపే అద్దం తీసుకుని అక్షరాల లోపల చూడండి. పాత అచ్చు దెబ్బతో కొట్టింది. గాడి అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది, అంచులు చుట్టుపక్కల ఉక్కుతో పాటే అరుగుతాయి. తుప్పు తిన్న గుంట అక్షరాన్ని కూడా తినేసి ఉండాలి. గుంట మీదుగా అక్షరం గీత నిక్కచ్చిగా సాగిపోతే ఆ అక్షరం తుప్పు కన్నా చిన్నది. అంటే తర్వాత ఎవరో వేసింది.

కొమ్ముపని_వీధి:

పిడి సంగతి నేను చెప్తాను. నల్లగా ఉన్నదంతా కొమ్ము కాదు.

చీకటి గదిలో లేచిన చెక్క అంచు వెనక సన్నటి టార్చి పెట్టండి. కొమ్మయితే పల్చగా ఉన్న చోట గోధుమరంగు వెలుగు దిగుతుంది, లోపల పొరలు పొరలుగా చారలు కనిపిస్తాయి. వెలుగు అసలు దిగకుండా, ఎండ తగిలిన వైపు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరిగి, బొటనవేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తే అది ఎబొనైటు, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడు, పాతకాలపు ప్లాస్టిక్. దయచేసి ఎర్రగా కాల్చిన సూది పెట్టి పరీక్షించకండి. సెల్యులాయిడు భగ్గున అంటుకుంటుంది.

చెక్క మధ్యలో లేవడం కొమ్ముకి సహజ రోగం. వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. రెండు కొసలా రివెట్లు పట్టి ఉంచుతాయి కాబట్టి పోయే దారి లేక మధ్యలో విల్లులా వంగుతుంది. కానీ మీరు చెప్పిన రెండు రంగుల రివెట్లు వేరే కథ. ఒక కార్ఖానాలో పుట్టిన చాకుకి రెండు వైపులా ఒకే లోహం ఉండాలి. రంగు మారిందంటే ఒక వైపు చెక్క తర్వాత వేసింది. తెల్లది అల్యూమినియమా అన్నది బ్లేడు మొనతో కాకుండా సూదితో చిన్నగా గుచ్చి చూడండి. మెత్తగా దిగితే అల్యూమినియమే, అది మరమ్మతు.

మన పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, కర్ర పిడులు చేసే చేతికి చాకు చెక్క వేయడం పెద్ద పని కాదు. అలా మారిన చాకు నా లెక్కలో తక్కువది కాదు, ఈ నేల మీద తిరిగిన వస్తువని అదే చెప్తుంది. అమ్మేటప్పుడు దాచితేనే మోసం. కాబట్టి కొత్త పిడి వద్దు, లేచిన చెక్కనే కూర్చోబెట్టండి.

వేడినీళ్లలో ముంచిన గుడ్డ పిండి, ఆ చెక్క మీద పది నిమిషాలు వేసి ఉంచండి. చాకుని నీళ్లలో ముంచొద్దు, నీరు పిడి లోపలి లోహపు రేకుల మధ్యకి పోతే స్ప్రింగు తుప్పు పడుతుంది. కొమ్ము కాస్త మెత్తబడ్డాక రెండు వైపులా తోలుముక్క వేసి చిన్న శిఖంజాలో నెమ్మదిగా బిగించండి. ఒకేసారి కాదు. పావు చుట్టు తిప్పి అరగంట ఆగి మళ్లీ పావు చుట్టు. చిటుక్కుమని వినిపిస్తే వెంటనే వదిలెయ్యండి. ఒక రాత్రి అలాగే ఉంచితే చాలామటుకు దిగుతుంది. సందు మిగిలితే మిగలనివ్వండి. రివెట్టు మీద సుత్తి పడిందా, కొమ్ము రంధ్రం నుంచి అంచు దాకా పగులుతుంది.

పర్లా_పాతసామాను:

చూశాను. అచ్చు కింద షెఫీల్డ్, దాని కింద ఇంగ్లండ్ ఉన్నాయి. డి ఉంది. తుప్పు గుంట ఒకటి ఎస్ అక్షరం తోకని తినేసింది. టార్చి వెలుగు రెండు వైపులా గోధుమరంగులోనే దిగింది. తెల్ల రివెట్టులోకి సూది దిగింది. చిన్న బ్లేడు వైపు పిడి కొసన ఉన్న తెల్లలోహం టోపీ మీద గుండ్రటి గీత కనిపిస్తోంది, పెద్ద బ్లేడు వైపు లేదు. అదేంటండీ?

బరంపురం_బజారు:

ఆ గుండ్రటి గీతే మీ చిన్న బ్లేడు జాతకం. టోపీ జర్మన్ సిల్వర్, అయస్కాంతానికి అంటదు, చూసుకోండి. బ్లేడు తిరిగే ఇరుసుని కార్ఖానాలో అదే లోహంతో వేసి, సాన పట్టి, మెరుగు పెడతారు. ఇరుసు తల టోపీలో కలిసిపోతుంది. వలయం కనపడిందంటే ఆ కొస ఎవరో విప్పి ఇంకో ఇరుసు దిగగొట్టారు. తుప్పు లేని, అచ్చు లేని చిన్న బ్లేడు అప్పుడు వచ్చి ఉంటుంది.

అయస్కాంతం పట్టుకుంది కాబట్టి స్టెయిన్‌లెస్ కాదనుకున్నారేమో. చాకులకి వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు అయస్కాంతానికి అంటుతుంది, ఆ పరీక్ష ఇక్కడ దండగ. బ్లేడు మొదట్లో కనపడని చోట ఒక చుక్క నిమ్మరసం రెండు నిమిషాలు ఉంచండి. మామూలు ఉక్కయితే బూడిదరంగు మచ్చ వస్తుంది. వెంటనే తుడిచి నూనె రాయండి. మచ్చ రాకపోతే స్టెయిన్‌లెస్. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కు తీసింది 1913లో, చాకుల్లోకి విరివిగా వచ్చింది ఆ తర్వాతే.

నా తీర్పు: పెద్ద బ్లేడు, స్ప్రింగు, టోపీలు అసలు రోడ్జర్స్. 1910కీ 1952కీ మధ్యది. ఒక చెక్క, చిన్న బ్లేడు తర్వాతవి. పెద్ద బ్లేడు ఎంత అరిగిందో కూడా చూడండి. గోరు పెట్టి లాగే గాడి నుంచి పదును దాకా వెడల్పు ఎంత? బ్లేడు మొదట్లో పదును ఆగే మూల దగ్గర మెట్టులా లోపలికి వెళ్లిపోయిందా? మెట్టు ఉంటే ఏళ్ల తరబడి సాన పట్టి తినేసినట్టు. మడిచినప్పుడు మొన పిడి బయటికి పొడుచుకొస్తుంటే మొన విరిగి మళ్లీ దిద్దినదని అనుమానించాలి.

గుణుపురం_లైను:

రెండో చాకు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది బ్రిటిష్ సైన్యం చాకు, 1943 అన్నది తయారైన సంవత్సరం. మొద్దు మొన బ్లేడు, డబ్బా ముక్క, తాళ్ల ముడులు విప్పే ముల్లు, ఈ మూడూ ఆ నమూనా లక్షణాలు. ఒంటి బాణం బ్రిటన్ సర్కారు సొత్తు గుర్తు. బాణం చుట్టూ సి ఉంటే కెనడా. రెండు వైపులా డి ఉంటే ఆస్ట్రేలియా. కింద ఐ ఉంటే మన దేశం సరుకు. ఐ ఉందేమో చూడండి, తుప్పు కింద దాక్కుంటుంది.

ముల్లు బిగుసుకుంది కదా అని పటకారుతో లాగకండి. ఇరుసు దగ్గర మూడు చుక్కల కిరసనాయిలు వేసి, ఆ కొస కిందకి ఉండేలా గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న వెదురు పుల్లతో సందులోని నల్లటి మడ్డి తీసి మళ్లీ మూడు చుక్కలు. నాలుగైదు రోజులు పట్టొచ్చు. కాస్త కదిలాక పూర్తిగా తెరవొద్దు. తెరిచినంత తెరిచి మూసి, మడ్డి తుడిచి, మళ్లీ. బలవంతం చేస్తే విరిగేది ముల్లు కాదు, వీపు స్ప్రింగు. దాన్ని వెల్డింగ్ చేస్తే వేడికి పొగరు పోయి రేకుముక్క అవుతుంది. ఈ చాకుల్లో లోపలి రేకులు ఇనుపవైతే తుప్పు ఉబ్బి పిడి చెక్కల్ని బయటికి తోస్తుంది. అక్కడ బిగించి సరిచేయాలని చూస్తే ప్లాస్టిక్ చెక్క రెండు ముక్కలు.

ఎర్ర తుప్పుకి పాత రాగి కాణీ అంచు కన్నా మంచి పనిముట్టు లేదు. కుట్టుమిషను నూనె చుక్క వేసి కాణీ అంచుతో గీకండి. రాగి ఉక్కు కన్నా మెత్తన, తుప్పుని ఎత్తుతుంది, ఉక్కుని గీయదు. నల్లగా, బూడిదగా ఉన్న పొరని ముట్టుకోకండి, అది కాపుదల. బ్రాసోతో బ్లేడు అద్దంలా మెరుస్తుంది నిజమే, నేనూ టోపీ వరకు తప్పులేదంటాను.

కొమ్ముపని_వీధి:

టోపీకి కూడా వద్దండి. బ్రాసో తెల్లపొడి రేకుకీ కొమ్ముకీ మధ్య చేరి గట్టిపడుతుంది, తర్వాత సూదితో తవ్వినా రాదు. ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉంటే వెదురు పుల్ల, నూనె చాలు. పదును పెట్టాలన్నా రోడ్డు మీద సాన చక్రం వాళ్లకి ఇవ్వకండి. అంచు నీలంగా మారితే 300 డిగ్రీలు దాటినట్టు, అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. తడి రాయి మీద చేత్తోనే.

కొరాపుట్_కొండ:

దాచే విషయం. తోలు ఒరలో పెట్టకండి, తోలు పదును చేసిన మందులు తేమతో కలిసి ఉక్కుని తింటాయి, ఇత్తడికి పచ్చటి మడ్డి పడుతుంది. ముందుముందు సెల్యులాయిడు పిడి చాకు దొరికితే దాన్ని మిగతావాటితో ఒకే డబ్బాలో ఉంచొద్దు. పాతబడిన సెల్యులాయిడు నుంచి వచ్చే ఆవిరి పక్క చాకులకి కూడా తుప్పు పట్టిస్తుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రేకు డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ వేసి, రంగు మారగానే పెనం మీద సన్నసెగన ఎండబెట్టి మళ్లీ వాడుకోండి. కొబ్బరినూనె రాయకండి, పాతబడితే ముక్కిపోతుంది.

చట్టం సంగతి కూడా. మీ రెండు చాకులకీ ఇబ్బంది లేదు. ఆయుధాల చట్టం కింద 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉంటే లైసెన్సు మాట వస్తుంది, ఇంటి, పొలం పనిముట్లకి మినహాయింపు. పాత సైన్యం కుక్రీలు కొనేవాళ్లు టేపు పట్టుకునే వెళ్లాలి, వాటి బ్లేడు ఈ కొలత తేలిగ్గా దాటుతుంది. ఏనుగు దంతం పిడి, దుప్పికొమ్ము పిడి ఎంత చవగ్గా వచ్చినా అమ్మకం కొనుగోలు జోలికి పోకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. దంతమా ఎముకా అన్నది తేల్చడం సులువే: ఎముకలో అద్దం కింద సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతం అడ్డుకోతలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలుంటాయి.

పర్లా_పాతసామాను:

తుప్పు కింద ఐ కనిపించింది! బాణం కింద, సగం. కాణీతో ఇంకా గీకనా, ఆపేయనా?

గుణుపురం_లైను:

ఆపేయండి. నూనె గుడ్డతో తుడిచి, పక్క వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి. మిగతా సగం తుప్పుతో పాటు రాలిపోయే రకం అది.