క్యాజువాల్టీలో చూసే డాక్టరు ఎవరు, ఇన్సూరెన్స్ వస్తుందా రాదా: ముందే తెలుసుకోవడం ఎలా? గుంటూరు, విజయవాడ వాళ్లు చెప్పండి

పటమట అమ్మాయి

అమ్మా నాన్నా గుంటూరు పట్టాభిపురంలో ఉంటారు, నేను విజయవాడ పటమటలో. నాన్నకి 71 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పోయిన నెల ఒక రాత్రి గుండెల్లో పట్టేసినట్టుందన్నాడని అమ్మ ఫోన్ చేసింది. నేను వారధి దాటి వెళ్లేసరికి పక్కింటివాళ్లే కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తం రెండుసార్లు తీశారు. తెల్లారేసరికి గుండె కాదు, గ్యాస్ అని పంపేశారు. దుర్గమ్మ దయ. బిల్లు మాత్రం తొమ్మిది వేలు దాటింది. "మీ పాలసీ ఇక్కడ నడుస్తుంది గానీ దీనికి రాదండి" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. ఎందుకు రాదో చెప్పలేదు.

నాన్నని చూసిన డాక్టరు బాగా కుర్రాడు. కోటు మీద ఎంబీబీఎస్, ఎంఈఎం అని ఉంది. గోడమీద బోర్డులో ఇంకెవరిదో పేరు, పక్కన ఎంఆర్‌సీఈఎం. ఆయన ఆ రాత్రి కనపడనేలేదు.

మంచి ఎమర్జెన్సీ డాక్టర్ని ముందే వెతికి పెట్టుకోవచ్చా? ఈ డిగ్రీలేంటి? ఆయన మా ఇన్సూరెన్స్ తీసుకుంటాడో లేదో ఎలా తెలుస్తుంది? గూగుల్ రేటింగులు చూడమనకండి, చూశాను. పార్కింగ్ బాగుందని అయిదు స్టార్లిచ్చారు.

నైట్ డ్యూటీ

క్యాజువాల్టీ డాక్టర్ని, నేను చేసేది ఈ పనే. ఏ ఆస్పత్రో అడక్కండి.

ముందు ఒక మాట. గుండె డాక్టర్ని వెతుక్కున్నట్టు మమ్మల్ని పేరుపెట్టి వెతుక్కోలేరు. మేం షిఫ్టుల్లో ఉంటాం. మీరొచ్చిన గంటకి ఎవరుంటే వాళ్లే చూస్తారు. కాబట్టి చూసుకోవాల్సింది ఆస్పత్రిని, అందులోనూ రాత్రి రెండింటికి అది ఎలా ఉంటుందన్నది.

డిగ్రీల సంగతి. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ప్రత్యేక స్పెషాలిటీగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. అందుకే ఇందులో తల నెరిసినవాళ్లు తక్కువ. కుర్రాడని కంగారు పడకండి. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదివే ఎండీ, డీఎన్‌బీ రెండూ గుర్తింపు ఉన్నవి. ఎంఆర్‌సీఈఎం అంటే బ్రిటన్ రాయల్ కాలేజీ పరీక్షలు పాసైతే వచ్చే మెంబర్‌షిప్. ఎంఈఎం పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో నడిచే శిక్షణ, చాలావరకు విదేశీ యూనివర్సిటీలతో కలిసి చేయిస్తారు. ఆ కౌన్సిల్ స్థానంలో వచ్చిన మెడికల్ కమిషన్ దాన్ని పీజీ డిగ్రీగా లెక్కలోకి తీసుకోదు. అలాగని చేతకానివాళ్లనుకోవద్దు. నాకు ఊపిరి ట్యూబు వెయ్యడం చేయిపట్టి నేర్పింది ఒక ఎంఈఎం సీనియరే. కాగితం వేరు, చెయ్యి వేరు. కానీ బోర్డు మీద అందరికీ కలిపి "ఎమర్జెన్సీ స్పెషలిస్ట్" అని రాసేస్తే మాత్రం అడగొచ్చు.

చూసుకోవడం తేలికే. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి, అది రూలు. ఆ నంబరు నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్లో కొడితే పేరు, డిగ్రీ, ఏ రాష్ట్ర కౌన్సిలో వస్తాయి. కొత్తగా పీజీ అయినవాళ్ల డిగ్రీ అందులోకి ఎక్కడానికి టైం పడుతుంది, అది కనపడలేదని గొడవకి దిగకండి. అసలు నంబరే లేకపోతే అప్పుడు అనుమానించాలి.

మీ నాన్నగారికి రక్తం రెండుసార్లు తీయడం బిల్లు కోసం కాదండి. గుండెపోటు మొదలైన కాసేపటిదాకా ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) మామూలుగానే ఉండొచ్చు. కొన్ని గంటలాగి మళ్లీ చూస్తేగానీ ధైర్యంగా ఇంటికి పంపలేం. ఆ కుర్రాడు సరిగ్గానే చేశాడు.

టీపీఏ కౌంటర్

విజయవాడలో ఒక ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కులో చేస్తున్నాను. రోజూ ఇదే పంచాయితీ.

మన దగ్గర ఇన్సూరెన్స్ డాక్టరు తీసుకోడండి, ఆస్పత్రి తీసుకుంటుంది. అదీ పేషెంటు అడ్మిట్ అయితేనే. మామూలు పాలసీల్లో 24 గంటలు అడ్మిషన్ ఉండాలి. డయాలసిస్ లాంటి డే కేర్ వైద్యాలకే మినహాయింపు. మీ నాన్నగారిది క్యాజువాల్టీలో చూసి పంపేసిన కేసు, ఓపీ కింద లెక్క. ఓపీ కవర్ విడిగా ఉంటే తప్ప రాదు. "పోనీ ఒకరోజు అడ్మిట్ రాసెయ్యండి" అని బతిమాలేవాళ్లు మాకు రోజూ తగులుతారు. కేవలం పరీక్షల కోసం చేరితే కంపెనీ కొట్టేస్తుంది, పాలసీలోనే రాసి ఉంటుంది.

నిజంగా అడ్మిట్ అయితే క్యాజువాల్టీ ఖర్చు కూడా ఆ బిల్లులోనే కలుస్తుంది. క్యాష్‌లెస్‌కి, అంటే మీరు కట్టకుండా కంపెనీయే ఆస్పత్రికి నేరుగా కట్టేదానికి, మేం పంపిన గంటలోగా కంపెనీ తేల్చాలి, డిశ్చార్జి బిల్లుకి మూడు గంటలు. 2024లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన గడువులివి. మూడు గంటలు దాటితే ఆ పైన ఆస్పత్రి వేసే ఛార్జీలు కంపెనీ నెత్తినే. నెట్‌వర్క్‌లో లేని (కంపెనీతో ఒప్పందం లేని) ఆస్పత్రి అయినా 2024 జనవరి నుంచి "క్యాష్‌లెస్ ఎవ్రీవేర్" కింద అడగొచ్చు, ఎమర్జెన్సీలో చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. ఒప్పుకోవాలని లేదు గానీ అడగండి.

అసలు చిక్కు ఎక్కడంటే, కంపెనీలకి బహిష్కరించిన ఆస్పత్రుల లిస్టు ఒకటుంటుంది. నెట్‌వర్క్‌లో లేకపోవడం వేరు, ఇది వేరు. అందులో చేరితే ప్రాణాపాయం గట్టెక్కేదాకా అయిన ఖర్చే ఇస్తారు, మిగతాది సొంతం. లిస్టు కంపెనీ వెబ్‌సైటులో ఉంటుంది, ఇవాళే చూడండి. పనిలోపని రూం రెంట్ లిమిటు కూడా. లిమిటు దాటిన రూం తీసుకుంటే రూం తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజుతో సహా అదే నిష్పత్తిలో కోస్తారు.

మంగళగిరి మాస్టారు

డిగ్రీలు చదివే తీరిక ఉంటే అది ఎమర్జెన్సీ ఎలా అవుతుందమ్మా. 108కి కొట్టండి, డబ్బు తీసుకోరు, లోపల ఆక్సిజన్ ఉంటుంది. గుంటూరులో జీజీహెచ్, అదే పెద్ద ప్రభుత్వాసుపత్రి, ఉంది. మా ఊరి ఎయిమ్స్‌లో ట్రామా, ఎమర్జెన్సీ విభాగం ఉంది. అక్కడ రద్దీ ఎంతో నాకూ తెలుసు, పోట్లాడకండి.

మీ నాన్నగారికి 70 దాటాయిగా, ఆయుష్మాన్ వయ వందన కార్డు (పెద్దవాళ్లకి కేంద్రం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు) తీయించారా? ఆదాయంతో పనిలేదు, ఆధార్ చాలు, ఏడాదికి 5 లక్షలు. అయితే వెళ్లే ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో అడగాలి. మన ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నచోట ఆ పథకం తరఫున సాయం చేసే మనిషి కూర్చుంటాడు, అతన్ని పట్టుకోండి.

పటమట అమ్మాయి

అందరికీ థాంక్స్. మాస్టారూ, కార్డు తీయించలేదు, ఈ ఆదివారం వెళ్తా. పాలసీ తీసి చూస్తే రూం లిమిటు రోజుకి నాలుగు వేలే!

నైట్ డ్యూటీ గారూ, ఆస్పత్రికి ఫోన్ చేసి ఏమని అడగాలి? "మీ దగ్గర మంచి డాక్టర్లున్నారా" అంటే లేరని ఎవరంటారు.

నైట్ డ్యూటీ

రాత్రి పదకొండు దాటాక చెయ్యండి, పగలు చేస్తే మార్కెటింగ్ వాళ్లెత్తుతారు. క్యాజువాల్టీకి కలపమనండి. ఇప్పుడు డ్యూటీలో ఉన్నది ఎమర్జెన్సీ మెడిసిన్ చదివినవాళ్లా, ఎంబీబీఎస్ డ్యూటీ డాక్టరా? ఎంబీబీఎస్ అయితే పైన ఎవర్ని పిలుస్తారు, ఎంతసేపట్లో వస్తారు? క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే గది) రాత్రి నడుస్తుందా? సీటీ స్కాన్ ఆ బిల్డింగులోనే ఉందా? పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, సీటీ లేకుండా ఇవ్వలేం. అందుకని ఆ ప్రశ్న వదలకండి. జవాబు తడబడుతూ వస్తే ఇంకో ఆస్పత్రి చూసుకోండి.

ఇంకోటి, గుండెనొప్పి అన్నప్పుడు మీరు విజయవాడ నుంచి వచ్చేదాకా అమ్మగారు ఆగక్కర్లేదు. 108 నంబరు ఆవిడ ఫోన్లో పెట్టండి. పాలసీ కాపీ, ఆధార్, మందుల చీటీతోపాటు మొన్న తీసిన ఈసీజీ జిరాక్సు కూడా ఒక కవర్లో ఉంచండి. ఒరిజినల్ పేపరు మీద గీతలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. పాతది పక్కన ఉంటే కొత్త మార్పేదో మాకు వెంటనే తెలుస్తుంది.