భీమిలి సైడ్ కరెంటు తీగల మీద గుంపుగా చిన్న డేగలు, ఇవేంటో చెప్పగలరా?

ఎండాడ కుర్రాడు:
అందరికీ నమస్తే. నవంబరు మొదటి వారం, ముసురు వదిలి ఎండ కాసిన రోజు, తగరపువలస నుంచి భీమిలి వస్తుంటే పొలాల పక్కన తీగల మీద చిన్న డేగలు వరసగా కూచున్నాయి, పదిహేను పైనే ఉంటాయి. డేగ అంటే ఒంటరిగానే కనపడుతుంది కదా, ఇన్ని ఒకేచోట నేనెప్పుడూ చూళ్లేదు. కొన్ని ముదురు బూడిద రంగు, కొన్నిటికి పొట్ట తెల్లగా ఉండి నల్ల మచ్చలు, కాళ్లు మాత్రం అన్నిటికీ నారింజ రంగే. గాల్లోకి లేచి కాళ్లతో ఏదో పట్టుకుని ఎగురుతూనే తినేస్తున్నాయి. ఫోన్‌లో తీస్తే చుక్కల్లా వచ్చాయి. ఈ సీజన్లో వైజాగ్ చుట్టుపక్కల మీకేం కనపడ్డాయో కూడా చెప్పండి, నేనీమధ్యే మొదలెట్టాను.

గెడ్డ గట్టు:
తమ్ముడూ, అవి అమూర్ ఫాల్కన్లే, అదృష్టవంతుడివి! బూడిద రంగువి మగవి, తెల్ల పొట్టవి ఆడవీ పిల్లవీ. ఈసారి మగది ఎగిరినప్పుడు రెక్క కింద చూడు, ముందు సగం తెల్లగా ఉంటుంది. చలికాలంలో మనకి కనపడే ఇంకో చిన్న డేగ కెస్ట్రెల్, దాని వీపు ఇటుక రంగు, అది ఇలా గుంపు కట్టదు.

రష్యా, ఉత్తర చైనా వైపు పిల్లల్ని చేసుకుని చలికి దక్షిణాఫ్రికా దాకా పోతాయి, దార్లో అక్టోబరు నవంబరుల్లో నాగాలాండ్ దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర లక్షల్లో దిగుతాయి. 2012లో అక్కడ వలలేసి ఘోరంగా చంపారు, ఆ వీడియోలు చూస్తే నాకిప్పటికీ కడుపులో దేవేస్తుంది. మరుసటి ఏడాదికల్లా ఆ ఊళ్లవాళ్లే వేట ఆపేశారు, అది మామూలు విషయం కాదు. 2013లో మూడిటికి శాటిలైట్ ట్యాగులు కట్టి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. పావుకిలో కూడా తూగని పిట్ట మన ద్వీపకల్పం దాటి, అరేబియా సముద్రం మీంచి ఎక్కడా దిగకుండా ఆఫ్రికా చేరుతుంది. అదే టైంలో తూనీగలు కూడా సముద్రం దాటుతాయి, వాటినే తింటూ వెళ్తాయని అంచనా. నువ్వు చూసినప్పుడు పట్టుకుంటున్నవి తూనీగలో ఉసుళ్లో అయ్యుంటాయి, వాన వెలిశాక రెండూ లేస్తాయి.

కొండకర్ల దోనె:
మా వైపు కొండకర్ల ఆవ చెరువులో సూదితోక బాతులు దిగాయండి, గార్గనీ అనే చిన్న బాతులు కూడా. తాటిదోనె మీద మెల్లగా వెళ్తే తామరాకుల మీద నడిచే జకానాలు బాగా దగ్గరగా కనపడతాయి, కాకపోతే ఇప్పుడు వాటికి పొడవు తోక ఉండదు కాబట్టి కొత్తవాళ్లు వేరే పిట్ట అనుకుంటారు. ముడసర్లోవ రిజర్వాయర్లో నీళ్ల మీద తేలే సోలార్ పలకలున్నాయి కదా, 2018లో పెట్టినవి, వాటి అంచుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట గోధుమతల గల్స్ అనే నీటిపక్షులు వచ్చేశాయి, లడఖ్, టిబెట్ సరస్సుల నుంచి వస్తాయి, ఈ కాలంలో తల తెల్లబడి చెవి దగ్గర నల్లచుక్కే మిగులుతుంది.

లెన్స్ బాబు:
ఫాల్కన్ల లొకేషన్ పిన్ పెట్టండి బ్రో ప్లీజ్, ఆదివారం మా గ్రూపంతా వస్తాం. అలాగే కంబాలకొండ అడవిలో పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా) గూడు ఎక్కడ కడుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే వానాకాలానికి ప్లాన్ చేసుకుంటాం, ఫోన్‌లో దాని కూత (కాల్) ప్లే చేస్తే బయటికొస్తుందట కదా.

గెడ్డ గట్టు:
బాబూ, ఫాల్కన్ల చోటు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, రోడ్డు పక్కనే ఉన్నాయి, దాటిపోయే పిట్టలు, ఆదివారం దాకా ఉంటాయన్న గ్యారంటీ లేదు కాబట్టి చూడాలనుకుంటే రేపు పొద్దున్నే పోండి. కారు దిగి తీగల కిందకి పోకండి, అవి తిని ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి, లేపిన ప్రతిసారీ ఆ బలం ఖర్చవుతుంది.

పొన్నంకి గూడు మాత్రం ఎవరూ చెప్పొద్దు, తెలిసినా చెప్పొద్దు. కాల్ ప్లే చేస్తే వేరే మగపిట్ట వచ్చిందనుకుని మేత మానేసి అరుస్తూ తిరుగుతుంది, గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఇంక వాటి గతేంటి? దారి మీదే నించుని తెల్లారగట్లో సాయంత్రమో వినండి, అదే పిలుస్తుంది.

తమ్ముడూ, నువ్వు చూసింది ఈబర్డ్‌లో, అంటే చూసిన పిట్టల్ని నమోదు చేసే సైట్‌లో, ఎక్కించు, ఫొటో బాలేకపోయినా పర్లేదు, కాళ్ల రంగు, గుంపు సైజు, ఏం తింటున్నాయో రాయి, రివ్యూ చేసేవాళ్లకి అదే కావాలి.

ఎండాడ కుర్రాడు:
ఎక్కించాను అన్నా, ఇక్కడ రాసిందంతా అందులో రాశాను. కొండకర్ల వాళ్లని ఒకటడగాలి, దోనెలు పొద్దున్న ఎన్నింటికి దొరుకుతాయండి?

కొండకర్ల దోనె:
తెల్లారాక రండి, గట్టు మీదే ఉంటారు. ఎండెక్కితే బాతులు నడి ఆవలోకి పోతాయి.