అప్‌డేట్: ‘భర్త వదిలేసి పోయిండు’కు ఇంగ్లిష్ మాట తేలింది

మా వరుసకు చెల్లె విడాకుల పిటిషన్‌ల ఫర్‌సేకెన్ రాయాల్నా, అబాండన్డ్ రాయాల్నా, డిజర్టెడ్ రాయాల్నా అని ఇంతకుముందు ఇక్కడ అడిగిన. హన్మకొండల వకీలు సాబ్ డ్రాఫ్ట్ చూసి డిజర్టెడ్ ఖాయం చేసిండు. అప్పుడు ఆ మాటే చెప్పిన అక్కకు, జవాబిచ్చిన మిగతా అందరికీ థాంక్స్.

హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 13(1)(ఐబీ)ల విడాకులకు కారణంగ ఉన్న మాట డిజర్షనే (డిజర్ట్ చేసుడు, అంటే వదిలేసి పోవుడు). కానీ ఆ ఒక్క మాట రాస్తే నడవదు. పిటిషన్ వేసే ముందు కనీసం 2 ఏండ్లు ఎడతెగకుండ విడిగ ఉండాలె. సరైన కారణం లేకుండ, ఆమె ఒప్పుకోకుండ పోయిండని, మళ్ల కాపురం చేసే ఉద్దేశం లేదని కూడ కనబడాలె. అందుకే మేం రాసిన ‘లివింగ్ సెపరేట్లీ’ కొట్టేసిండు; అది చదివితే ఇద్దరూ మాట్లాడుకొని విడిగ ఉన్నట్టు అనిపిస్తది. దాని బదులు ‘డిజర్టెడ్ బై హర్ హస్బెండ్’ అని, పోయిన తేదీ, ఏ ఇంట్ల నుంచి పోయిండో రాయించిండు. బై రావాలె, ఫ్రమ్ కాదు.

అబాండన్డ్ తప్పేం కాదు, మామూలు ఇంగ్లిష్‌ల సరిపోతది. చట్టంల మాత్రం అది ఎక్కువ పిల్లల దగ్గర వినబడుతది: జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద బాలల సంక్షేమ కమిటీ విచారించి ప్రకటిస్తేనే ‘అబాండన్డ్ చైల్డ్’.

ఫర్‌సేకెన్ పాత మాట, ప్రార్థనలల్ల బాగుంటది. స్ట్రాండెడ్ అసలే పనికిరాదు, అది రైలు తప్పి కాజీపేటల చిక్కుకపోయినోళ్లకు.